సినిమా తలుపులు – మన ఇంటి తలుపులు

లోపల ఎవరో ఆపదలో ఉన్నారు. తలుపుకు గడియ పడి ఉంది. కథానాయకుడు నాలుగడుగులు వెనక్కు వేసి, పరుగున వచ్చి భుజంతో ఒక్క గుద్దు గుద్దుతాడు. తలుపు ఊడి అవతల పడుతుంది. ప్రియ పాఠకులారా, ఈ దృశ్యము చూడనివారు మనలో ఉండరు. అయితే నిజముగా అలా జరుగుతుందా? ఈ ప్రశ్న మాకు సరదాకు కలిగినది కాదు.

ఒక వేసవి సాయంత్రం మోత్కూరులో గృహ ప్రార్థనకు వెళ్ళాము. పక్క ఇంటిలో ఒంటరిగా ఉండే అవ్వ లోపల గడియ పెట్టుకొని, జారిపడి, లేవలేక మూలుగుతున్నది. ఇద్దరు యువకులు "అయ్యగారూ, మీరు పక్కకు జరుగుండ్రి" అని చెప్పి భుజాలతో గుద్దసాగారు. పావుగంట గడిచింది. తలుపు దడదడలాడిందే గాని తెరుచుకోలేదు. ఒకరి భుజం మాత్రం వాచిపోయింది. మేము కూడా ఒక తన్ను తన్ని మడమ నొప్పి తెచ్చుకున్నాము.

అంతలో ఎవరో వడ్లాయనను పిలుచుకొని వచ్చారు. ఆయన ముందుగా, "అవ్వా, తలుపుకు దగ్గర ఉన్నావా, దూరం ఉన్నావా?" అని కేకవేసి అడిగాడు. దూరంగానే ఉన్నానని తెలిసిన తరువాత అరచేతితో తలుపును కింద నొక్కి చూశాడు, కొద్దిగా కదిలింది. మధ్యలో నొక్కాడు, కదిలింది. పైన నొక్కాడు, కదలలేదు. "గడియ పైన ఉన్నది. మీరు నడుమ గుద్దుతున్నరు. తలుపు మీదికి పోతే ఏమొస్తది, గడియ మీదికి పోవాలె" అన్నాడు. స్టూలు ఎక్కి, గడియ ఉన్నచోట చెక్క దిమ్మె ఆనించి, సమ్మెటతో నాలుగు దెబ్బలు వేశాడు. లోపలి మరలు ఊడి తలుపు తెరుచుకుంది. 108 వాహనం వచ్చి అవ్వను ఆసుపత్రికి తీసుకొనిపోయింది. తుంటి ఎముక విరిగింది గాని ప్రాణం దక్కింది.

భుజబలము ఎందుకు చాలదు?

ఆ వడ్లాయన మాటలోనే జవాబు ఉన్నది. లోపలికి తెరుచుకునే తలుపును ఆపేది చెక్క కాదు. గడియ దూరే చిన్న ఇనుప రేకు, దానిని పట్టుకున్న మరలు, ఆ పక్కనున్న ద్వారబంధపు కర్ర. దెబ్బ అక్కడ పడాలి. మధ్యలో గుద్దితే చెక్క కొంచెం వంగి ఆ బలాన్ని మింగేస్తుంది, మిగిలినది మన ఎముకలకే తగులుతుంది. తాళం పక్కన తన్నడం భుజంతో గుద్దడం కంటె మేలు గాని, కాలికి ప్రమాదము లేకపోలేదు. బయటికి తెరుచుకునే తలుపైతే ఎంత తన్నినా ద్వారబంధానికే ఒత్తుకుంటుంది. మన పాత ఇండ్ల టేకు తలుపులకు అడ్డగడియ వేసి ఉంటే పదిమంది గుద్దినా కదలదు. సినిమాలో ఊడిపడే తలుపు తేలికైన చెక్కతో, ముందుగానే విరిగేలాగున తయారుచేసినది.

తుపాకి, పిన్ను, కార్డు

తాళం కప్పను తుపాకితో పేల్చగానే తెరుచుకోవడం మరొక వింత. మామూలు గుండు తగిలితే తాళం నలిగి, ఇంకా గట్టిగా బిగుసుకోవచ్చు. ఎగిరిన లోహపు ముక్కలు కాల్చినవానికే తగలవచ్చు. తలుపులు పగులగొట్టే ప్రత్యేక దళాలవారు దానికోసమే చేసిన తూటాలను వాడుతారు.

తలపిన్నుతో తాళం తీయడం పూర్తిగా అబద్ధము కాదు. అమెరికాకు చెందిన లైనస్ యేల్ 1860ల్లో మెరుగుపరచిన తాళంలో చిన్న చిన్న సూదులు వరుసగా ఉంటాయి. సరియైన చెవి పెడితే అన్నీ ఒకే గీతకు వచ్చి తాళం తిరుగుతుంది. చెవి లేకుండా తీయాలంటే ఒక పనిముట్టుతో తిప్పుతూ, మరొకదానితో ఒక్కొక్క సూదిని లేపాలి. నేర్పు, ఓర్పు రెండూ కావాలి. లండనులో జోసెఫ్ బ్రామా తాళాన్ని తీసినవారికి 200 గినీలు ఇస్తామని దుకాణంలో ప్రకటించారు. అరవై ఏండ్లకు పైగా ఎవరూ తీయలేదు. 1851లో హాబ్స్ అనే అమెరికా తాళాల పనివాడు తీశాడు. అతనికి పదహారు రోజులలో 50 గంటలకు పైగా పట్టింది. సినిమాలో అయితే అర నిమిషము చాలును!

ప్లాస్టిక్ కార్డు స్ప్రింగుతో ఏటవాలుగా ఉండే నాలుకను మాత్రమే కొన్నిసార్లు వెనక్కు నెట్టగలదు. గడియ ముందు దానికి పని లేదు.

తలుపు మూసి ఉన్నందున

1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమా హాలులో పొగ కమ్మినప్పుడు బాల్కనీలోని వారు బయటికి రాలేకపోయారు. అక్కడి తలుపుకు గడియ వేసి ఉంది. 59 మంది చనిపోయారు. తెరమీద ఎన్ని తలుపులు పగిలినా, హాలు తలుపు సమయానికి పగలలేదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలో తుక్కు గోదాముకు నిప్పంటుకొని, పైన నిద్రిస్తున్న 11 మంది బీహారు కూలీలు మరణించారు. వారు దిగివచ్చే దారి మండుతున్న ఆ గోదాము గుండానే ఉన్నది.

అగ్నిమాపక దళంవారు సైతం భుజాన్ని నమ్ముకోరు. అనేక దేశాలలో వారు వాడే ఇనుప కడ్డీని 1948లో న్యూయార్కు అగ్నిమాపక అధికారి హ్యూ హాలిగన్ రూపొందించాడు. దానికి ఒక వైపు చీలిక, మరొక వైపు పార, కొక్కెము ఉంటాయి. మన ఊళ్ళో దానికి దగ్గరి చుట్టము గడ్డపార.

మనము చేయవలసినవి

ఒంటరిగా ఉండే పెద్దవారు లోపల గడియకు బదులు బయటినుండి కూడా చెవితో తెరువగల తాళం పెట్టుకొని, రెండవ చెవి నమ్మకమైన పొరుగువారికి ఇవ్వాలి. చిన్నపిల్లలున్న ఇంట గడియలు వారి చేతికి అందని ఎత్తులో ఉండాలి. రాత్రివేళ గ్రిల్లుకు తాళం వేస్తే, చెవి అందరికీ తెలిసిన ఒక్క చోటనే, చీకటిలో తడిమినా దొరికేలా వ్రేలాడాలి.

ఆపద వచ్చినప్పుడు ముందుగా 112కు గాని, అగ్నిమాపక దళానికి 101కు గాని ఫోను చేయండి. వెనుక తలుపు, కిటికీ చూడండి. లోపలివారు తలుపుకు ఆనుకొని ఉన్నారేమో అడగండి. గడియ ఎక్కడున్నదో నొక్కి చూసి, అక్కడనే కొట్టండి. నలుగురిని సాక్షులుగా పిలుచుకోండి. ప్రాణము కాపాడుటకు మంచి మనసుతో తలుపు పగులగొట్టినవారికి 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షను రక్షణ కల్పిస్తున్నది.

ఆ అవ్వ ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నది. ఆమె ఇంటి రెండవ చెవి పక్కింటి కోడలి దగ్గర ఉన్నది. మేము ఇండ్లను దర్శించునప్పుడెల్లా, "అవ్వా, నీ రెండో చెవి ఎవరి దగ్గరున్నది?" అని అడుగుట అలవాటు చేసుకున్నాము. మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవారిని మీరును ఈ వారమే అడగండి.