తలనొప్పా? కంటినొప్పా?

నేను వైద్యుణ్ణి కాను. హోసూరులో ఒక కార్ఖానా ఆఫీసులో గుమాస్తాను. వయస్సు నలభై నాలుగు. నాలుగు నెలలు నేను పడిన అవస్థ మన కుటుంబాలలో మరొకరు పడకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రోజూ మధ్యాహ్నం మూడయ్యేసరికి కనుబొమల మీద నొప్పి మొదలయ్యేది. సాయంకాలానికి కళ్ళు లాగేవి. వేడి చేసిందని అమ్మ శొంఠి గంధం పట్టు వేసింది. నేను మాత్రలు కొని మింగాను. రోడ్డు పక్కన అమ్మే కళ్ళజోడు ఒకటి తెచ్చి పెట్టుకొన్నాను. నొప్పి తగ్గలేదు సరికదా, తలలో గడ్డ ఏదైనా పుట్టిందేమోనని భయం పట్టుకొంది. ఇంట్లో చెప్పలేదు. రాత్రులు నిద్ర లేదు.

చివరకు కృష్ణగిరిలో ఒక కంటి డాక్టరును చూశాను. ఆయన తమిళంలో, "ఎప్పుడు వస్తుంది? ఎక్కడ? ఎట్లా ఉంటుంది? ఆదివారం కూడా వస్తుందా?" అని అడిగారు. "ఆదివారం రాదండీ" అన్నాను. అప్పటిదాకా ఆ సంగతి నాకే తట్టలేదు!

పరీక్షలో తేలింది చత్వారం. పైగా ఎడమ కంటికి సిలిండరు నెంబరు కూడా ఉంది. రోడ్డు పక్కన కొన్న జోడులో రెండు అద్దాలూ ఒకే నెంబరువి కాబట్టి ఎడమ కంటికి శ్రమ తప్పలేదు. సరైన జోడు పెట్టుకొన్న రెండు వారాలకు నొప్పి పోయింది.

మన తెలుగులో నొప్పికి ఎన్నో మాటలున్నాయి. వాటిని డాక్టరు ముందు వాడుకోవాలి. చదివినా, కుట్టుపని చేసినా సాయంకాలానికి కళ్ళు లాగుతుంటే, అద్దాల అవసరం ఉందేమో చూపించుకోవాలి. మంట, నలుసు పడ్డట్టు గరగర ఉంటే తరచు కంటి తడి ఆరడమే కారణం. కంప్యూటరు, ఫోను చూసేటప్పుడు మనం రెప్ప వేయడం తగ్గుతుంది. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరాన ఉన్నదానిని 20 సెకండ్లు చూడటం మంచిది. తల ఒక పక్కన పోటు, వాంతి వచ్చేటట్టుండటం, వెలుతురు గిట్టకపోవడం పార్శ్వపు నొప్పి లక్షణాలు. దానిలో కన్ను నొప్పి పుట్టినా జబ్బు కంటిలో ఉండదు. పడిశం తరువాత ముఖం బరువెక్కి, వంగితే ఎక్కువైతే ముక్కు పక్క గదుల వాపు కావచ్చు.

మాత్రల సంగతి ఒకటి. నెలకు 15 రోజులు, అంతకు మించి నెలల తరబడి మింగితే మామూలు నొప్పి మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

కొన్నిటికి మాత్రం ఒక్క పూటైనా ఆగరాదు. హఠాత్తుగా చూపు మందగించడం, కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పితో వాంతులు కావడం, దీపం చుట్టూ రంగు వలయాలు కనబడటం, కంటికి దెబ్బ తగలడం, ఎన్నడూ ఎరుగని తలనొప్పి ఒక్కసారిగా రావడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం - వీటికి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తక్కినవాటికి ఒక వారం పాటు నొప్పి వచ్చిన వేళ, చోటు, తీరు, అప్పుడు చేస్తున్న పని కాగితం మీద వ్రాసుకొని డాక్టరుకు చూపండి. నలభై దాటినవారు కంటి ఒత్తిడి కూడా చూపించుకోండి. నీటికాసుల జబ్బు చాలామందికి నొప్పి లేకుండానే చూపు తినివేస్తుంది.

ఇంకొక మనవి. భయాన్ని ఇంట్లోవాళ్ళ దగ్గర దాచకండి. నేను దాచిన నాలుగు నెలలూ మా ఇంట్లో అందరికీ తెలుసునట!