ఆకాశమునందలి వేటకాడు

శీతకాలపు రాత్రులందు ఆరుబయట నిలిచి తూర్పుదిక్కునకు చూచినచో మూడు చుక్కలు ఒకే వరుసలో కానవచ్చును. ఆ వరుసను క్రిందివైపునకు పొడిగించిన, ఆగ్నేయమున తెల్లగా మెఱయు నక్షత్రమొకటి కనబడును. రాత్రి వేళ ఆకాశమున కనిపించు నక్షత్రములలో దానిని మించిన కాంతి గలది వేఱొకటి లేదు. మన పూర్వులు దానిని మృగవ్యాధుడనియు, లుబ్ధకుడనియు పిలిచిరి. రెండు మాటలకును వేటకాడనియే అర్థము.

దీనిని గూర్చిన కథ ఐతరేయ బ్రాహ్మణమున కలదు. ప్రజాపతి మృగరూపము దాల్చి, ధర్మము విడిచి, రోహిణిని వెంబడించెను. దేవతలు పంపిన వేటకాడు వానిపై బాణము వేసెను. ఆ మృగమే మృగశిర. వరుసగా నున్న మూడు చుక్కలే బాణము. బాణము వేసినవాడే మృగవ్యాధుడు.

గ్రీకులు ఆ చుక్కలలోనే ఓరియన్ అను వేటకానిని చూచిరి. మనకు వేటకాడైన నక్షత్రము వారికి వాని వెంట పరుగిడు కుక్క అయినది! ఈజిప్టు వారికో అది దేవత. కొన్ని వారములు సూర్యకాంతిలో మఱుగుపడి, వేసవిలో ఒకనాటి వేకువను అది మరల తోచునప్పటికి నైలునదికి వరద వచ్చెడిది. వరద వచ్చిననే పంట. కావుననే వారు ఆ చుక్కను పూజించిరి.

మన సీమలోను నక్షత్రమునకు నీటితో చుట్టఱికము కలదు. పాలమూరు మెట్టపొలముల రైతు వానకై కార్తెలను లెక్కించును. జూన్ 7, 8 తేదీల ప్రాంతమున సూర్యుడు మృగశిర యందు ప్రవేశించును. దీనినే తెలంగాణమున మిరుగు అందురు. విత్తనములకు అదే అదను. ఆలంపురము చెంత ప్రవహించు తుంగభద్రకు, బృహస్పతి మకరరాశి యందు ప్రవేశించినపుడు, సుమారు పండ్రెండేండ్లకొకసారి పుష్కరము వచ్చును. 2020 నవంబరు నెలలో అట్లే వచ్చినది. ఆకాశమున ఒక గ్రహము రాశి మాఱగా, నేలపై జనులు నదికి మ్రొక్కుదురు.

ఈ చూపు నిన్న మొన్నటిది కాదు. ఆలంపురమునకు ఎగువన, కృష్ణ యొడ్డున, నారాయణపేట జిల్లాలో ముడుమాల అను గ్రామము కలదు. అచ్చట చరిత్రకు పూర్వపు జనులు నిలిపిన ఎత్తైన నిలువురాళ్ళు ఇప్పటికిని ఉన్నవి. అందొక రాతిపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలమును పోలియున్నవని పరిశోధకులు గుర్తించిరి. లిపి యెఱుగని ఆ కాలమున ఆ రాయియే వారికి పుస్తకము. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2025లో ఈ స్థలమునకు చోటు లభించినది.

విద్యార్థులారా! చుక్క వాన కురిపింపదు, వరద తేదు. కాలమును మాత్రము తెలుపును. పూర్వులు దానిని పూజించుటకు ముందు ఎన్నియో యేండ్లు రాత్రివేళ కనిపెట్టి చూచిరి. ఆ చూపే శాస్త్రమునకు మొదలు. నేడు దీపముల వెలుగులో చుక్కలు మాసిపోవుచున్నవి. పొలములలోని పాతరాళ్ళు పెకలింపబడుచున్నవి. రాతిని కదలింపకుండుట, రాత్రి ఒక్కమాఱు తల యెత్తి చూచుట, ఈ రెండును మీ చేతిలోని పనులే.