మీకు తెలుసా? చిట్టి స్కౌట్ చేతికి తొలి చాకు

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ఉంటున్న మనవాళ్ల పిల్లలు స్కౌట్స్‌లో చేరితే, ఏదో ఒక రోజు ‘నాన్నా, నాకో చాకు కొనిపెట్టవా?’ అని అడగడం ఖాయం. కర్రముక్కను చాకుతో చెక్కి బొమ్మ చేయడం అక్కడి స్కౌట్లకు ఇష్టమైన విద్య. ఖర్చు తక్కువలో, వేళ్లు భద్రంగా ఉండేలా మొదటి చాకు ఎంచుకోవడానికి పనికొచ్చే సంగతులివి.

చాకుకూ ఓ కార్డు

అమెరికాలో ‘కబ్ స్కౌట్లు’ అనే చిన్న స్కౌట్లు చాకు పట్టాలంటే ముందు ‘విట్లింగ్ చిప్’ అనే కార్డు సంపాదించుకోవాలి. మూడో తరగతి పిల్లలుండే ‘బేర్’ స్థాయి నుంచి దీన్ని ఇస్తారు. భద్రతా సూత్రాలు నోటితో చెబితే చాలదు, చేసి చూపించాలి. పెద్ద స్కౌట్లకు గొడ్డలి, రంపం కూడా కలిపి ‘టోటిన్ చిప్’ ఉంటుంది. నియమం తప్పినప్పుడల్లా కార్డు మూల ఒకటి కత్తిరించడం చాలా దళాల్లో పాత ఆనవాయితీ. నాలుగు మూలలూ పోయాయంటే చాకు అప్పగించి, పాఠం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

తొలి పాఠం సబ్బు మీద

చాలాచోట్ల పిల్లలతో మొదట చెక్కించేది కర్రను కాదు, ఒంటి సబ్బును. సబ్బు మెత్తన కాబట్టి బలం ఉపయోగించక్కర్లేదు. బలం పెట్టకపోతే చాకు జారదు. పైగా సబ్బుకు పదునైన చాకు అవసరం లేదు, మామూలు ప్లాస్టిక్ కత్తి చాలు. అసలు చాకు కొనకముందే పిల్లవాడికి ఓపిక ఉందో లేదో ఒక్క సబ్బు బిళ్లతో తేలిపోతుంది.

పనిముట్లు పెరిగితే పట్టు తగ్గుతుంది

కత్తెర, రంపం, స్క్రూడ్రైవర్, సీసా మూత తీసే కొక్కెం... ఇన్ని ఉన్న చాకు చూడగానే పిల్లల కళ్లు మెరుస్తాయి. కానీ ఒక్కో పనిముట్టు చేరే కొద్దీ పిడి లావెక్కుతుంది, ధర పెరుగుతుంది. చిన్న చేతికి లావు పిడి ఇమడదు. చెక్కే పనికి కావలసింది ఒకే ఒక్క బ్లేడు, గుండ్రటి పిడి. తక్కువ ధరకు దొరికేదీ అదే.

మెడలో ఉంగరం

ఫ్రాన్స్‌లోని సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో ఓ మడత చాకు తయారుచేశాడు. చెక్క పిడి, ఒక్క బ్లేడు, అంతే. రైతులు, పశువుల కాపర్లు జేబులో వేసుకుని తిరిగే చవక చాకు అది. 1955లో మార్సెల్ ఓపినెల్ దానికి ‘విరోబ్లాక్’ అనే ఉక్కు ఉంగరం అమర్చాడు. బ్లేడు తెరిచి ఉంగరాన్ని కాస్త తిప్పితే చాలు, చెక్కుతుండగా అది వేళ్ల మీదకి మడతపడదు. స్ప్రింగు మీద మాత్రమే నిలిచే చాకుల్లో ఈ భరోసా ఉండదు. మొనతో గట్టిగా పొడిస్తే అవి ఠక్కున మూసుకుంటాయి.

తడిస్తే బిగుసుకునే చాకు

చెక్క పిడి తడిస్తే ఉబ్బుతుంది. అప్పుడు ఓపినెల్ చాకు బ్లేడు గోటికి అందదు, ఎంత లాగినా రాదు. సావోయ్ జనం దీనికో చిట్కా కనిపెట్టారు. ఉంగరాన్ని వదులు చేసి, పిడి అడుగు భాగాన్ని బల్ల అంచుకేసి ఒక్క దెబ్బ కొడతారు. ఆ అదురుకు బ్లేడు కాస్త బయటికి వస్తుంది. పిల్లలకు మాత్రం ఈ విద్యకన్నా, చాకును నీళ్లలో నానబెట్టొద్దని చెప్పడం మేలు.

మొన లేని చాకు

పొరపాటున గుచ్చుకునే ప్రమాదం మొన వల్లే ఎక్కువ. అందుకే ఓపినెల్ వాళ్లు 7వ నంబరు చాకును కొస గుండ్రంగా చేసి పిల్లల కోసం అమ్ముతున్నారు. బ్లేడు పొడవు 8 సెంటీమీటర్లు. స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్‌కు కూడా గుండ్రటి కొసతో ‘మై ఫస్ట్ విక్టోరినాక్స్’ ఉంది. కర్ర పుల్ల చెక్కడానికి, బెరడు ఒలవడానికి మొన అక్కర్లేదు. కళ్లూ ముక్కూ తీర్చిదిద్దే దశ వచ్చాక మొన ఉన్నది కొనుక్కోవచ్చు.

మడవని చాకే సులువు

మడత చాకే భద్రమని చాలామంది అనుకుంటారు. స్వీడన్‌లో తీరు వేరు. అక్కడి మోరా పట్టణం పేరుతో వచ్చే చాకులు మడవవు, ఒరలో ఉంటాయి. మడత కీలే లేదు కాబట్టి మూసేటప్పుడు వేలు నలిగే భయం లేదు, కీలులో మట్టి చేరే బాధా లేదు. పిల్లల రకాల్లో వేళ్లు బ్లేడు మీదకు జారకుండా అడ్డు కూడా పెడతారు. ధర కూడా సామాన్యులకు అందుబాటులోనే ఉంటుంది. అయితే కొన్ని స్కౌట్ దళాలు మడత చాకు తప్ప ఇంకేదీ ఒప్పుకోవు. డబ్బు చెల్లించే ముందు దళం పెద్దను ఒక మాట అడగండి.

బడిలోనే చాకు పాఠం

ఫిన్లాండ్‌లో ఊనో సిగ్నేయుస్ 1866లోనే చేతిపనిని బడి పాఠంగా పెట్టించాడు. స్వీడన్‌లో ఒట్టో సాలొమన్ 1870ల్లో నేస్ అనే చోట ఉపాధ్యాయులకు చెక్కపని శిక్షణ మొదలుపెట్టాడు. ఆయన పాఠాల వరుసలో మొట్టమొదటి వస్తువు చాకుతో చెక్కే చిన్న చూపుడు కర్ర. స్వీడన్ బడుల్లో చేతిపని నేటికీ తప్పనిసరి పాఠమే.

మొండి చాకే గాయం చేస్తుంది

పదును లేని చాకు పిల్లలకు క్షేమం అనుకుంటే పొరపాటు. మొద్దుబారిన బ్లేడు చెక్కలోకి దిగదు. దిగట్లేదని పిల్లవాడు బలమంతా పెడతాడు. అప్పుడది ఒక్కసారిగా జారి రెండో చేతి మీదకు వస్తుంది. పదునైన చాకు కొద్దిపాటి ఒత్తిడికే పలుచటి పొట్టు తీస్తుంది. అందుకే చాకు ధరలో కాస్త మిగుల్చుకుని సానరాయి కూడా కొనాలి. సాన పట్టాక పాత తోలు బెల్టు మీద అంచును వెనక్కి లాగుతూ నాలుగుసార్లు రుద్దితే పదును నునుపు తేలుతుంది.

చేయి చాపి చుట్టూ గీత

చెక్కడానికి కూర్చునే ముందు స్కౌట్లు మూసిన చాకు పట్టుకుని చేయి చాపి, చుట్టూ ఒక తిరుగు తిరుగుతారు. ఆ వలయంలో ఇంకెవరూ ఉండకూడదు. తలెత్తి పైన కొమ్మలేమైనా తగులుతాయా అని కూడా చూస్తారు. చెక్కేది ఎప్పుడూ ఒంటికి అవతలి వైపే. ఒళ్లో పెట్టుకుని చెక్కకూడదు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది మరి. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, చేతులు ముందుకు చాచి చెక్కాలి. చాకు ఇంకొకరికి ఇవ్వాలంటే మూసి ఇవ్వాలి. అందుకున్నవాడు ‘థాంక్యూ’ అన్నాకే ఇచ్చినవాడు వదలాలి.

కర్ర కూడా తేలికదే కావాలి

మన కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు. ఆ కర్ర తేలిక, మెత్తన. కళాకారులు కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అమెరికాలో పిల్లల చేతికి అందరూ ఇచ్చేది బాస్‌వుడ్. అదీ మెత్తటిదే, పోగులు పెద్దగా కనిపించని కర్ర. ఎంత మంచి చాకైనా టేకు, తుమ్మ లాంటి గట్టి కర్రలిస్తే పిల్లవాడు విసిగిపోతాడు.

చట్టం మాటేమిటి?

బ్రిటన్‌లో 3 అంగుళాల లోపు బ్లేడు ఉండి, తాళం పడని మడత చాకును ఎవరైనా వెంట ఉంచుకోవచ్చు. తాళం పడే చాకైతే బయటికి తీసుకెళ్లడానికి సరైన కారణం చూపాలి. అంటే పిల్లల వేళ్లను కాపాడే ఉంగరమే అక్కడ చట్టం దృష్టిలో పడుతుంది. క్యాంపుకి తీసుకెళ్లి, ముగిశాక తెచ్చి ఇంట్లో పెట్టేయాలి. ఇక విమానం ఎక్కేవాళ్లు మరిచిపోకూడనిది ఒకటి. అమెరికాలో ఎంత చిన్న చాకైనా చేతి సంచిలో కుదరదు, కార్గోలో వేసే పెట్టెలోనే పెట్టాలి.

కొనేముందు

ఒక్క బ్లేడు, తాళం, గుండ్రటి కొస, గుప్పిట్లో ఇమిడే పిడి. ఈ నాలుగూ ఉంటే తొలి చాకుకు అంతకన్నా ఖరీదు పెట్టనక్కర్లేదు. మిగిలిన డబ్బుతో సానరాయి, మెత్తటి కర్రముక్కలు, ఎడమ చేతికి కోత పడని గ్లౌజు కొనండి. కుడిచేతి వాటం పిల్లలకు తెగేది ఎక్కువగా కర్ర పట్టుకున్న ఆ ఎడమ చేయే. పిల్లవాడు చెక్కుతున్నంతసేపూ పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చోవాలి. ఎంత ఖరీదైన చాకు కొన్నా ఈ కాపలా తప్పదు.