వార్తల్లో పదం: అకాంథోసిస్ నైగ్రికాన్స్

మెడ వెనుక, చంకల్లో, గజ్జల్లో చర్మం నల్లబడి, మందంగా, ముట్టుకుంటే మఖమల్‌లా తగిలే మార్పును వైద్యులు ఇలా పిలుస్తారు. పిల్లల్లో, యువతలో టైప్-2 మధుమేహం గురించిన చర్చల్లో ఈ మాట వినిపిస్తోంది. 2025 మేలో సీబీఎస్‌ఈ తన పాఠశాలలను చక్కెర ఎక్కువగా తింటే వచ్చే ముప్పును పిల్లలకు తెలిపే ‘షుగర్ బోర్డులు’ పెట్టమన్నది కూడా ఆ ముప్పు వల్లే.

మురికి అనుకుని సున్నిపిండితో ఎంత రుద్దినా ఈ నలుపు పోదు. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోతే క్లోమం దాన్ని మరింతగా విడుదల చేస్తుంది. రక్తంలో పెరిగిన ఆ ఇన్సులిన్ చర్మకణాల పెరుగుదలను ప్రేరేపిస్తుంది. అందుకే రక్తంలో చక్కెర పెరగక ముందే ఈ మార్పు కనిపించవచ్చు. ఇది ఉన్నంత మాత్రాన మధుమేహం వచ్చేసినట్టు కాదు. అయితే అధిక బరువు, అమ్మాయిల్లో పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య), ఇంట్లో పెద్దలకు షుగర్ తోడైతే పరీక్ష చేయించాలి.

గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం ఉంటే మధుమేహానికి ముందు దశ. 6.5 శాతం, లేదా పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మధుమేహాన్ని అనుమానించి వైద్యులు నిర్ధారిస్తారు. ముందు దశలో బరువు తగ్గితే, వ్యాయామం చేస్తే ఈ నలుపు కూడా పలచబడవచ్చు.

టైప్-1 మధుమేహంలో సాధారణంగా ఈ నలుపు ఉండదు. అతిదాహం, పదేపదే మూత్రం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఉన్నట్టుండి చిక్కిపోవడం టైప్-1 లక్షణాలు. వీటికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం తోడైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.