ట్యాంకు నిండినా నీళ్లు రావేం?

మన హాస్టళ్లలో తరచూ ఎదురయ్యే సమస్య ఇది. ట్యాంకు కడిగి మళ్లీ నింపుతారు. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి, నాలుగు చుక్కలు, అంతే! పరీక్ష రోజున కూడా స్నానం లేకుండానే వెళ్లాలి. పైగా నీళ్లన్నీ పారబోశారని తిట్లు. నిజానికి తప్పు పిల్లలది కాదు, పైపులో చిక్కుకున్న గాలిది.

ట్యాంకు ఖాళీ అయినప్పుడు పైపులోకి గాలి చేరుతుంది. గాలి నీటికన్నా తేలిక. అందుకే మిద్దెపైన పైపు వంపు తిరిగి ఎత్తుగా ఉన్నచోట నిలిచిపోతుంది. దాన్ని నెట్టాల్సింది నీటి ఒత్తిడే. సుమారు 10 మీటర్ల ఎత్తు నీరుంటే ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి వస్తుంది. ఆ వంపుకు పైన ట్యాంకులో ఉండేది మహా అయితే 1 మీటరు నీరు. అంటే అందులో పదోవంతే!

మేము చేసి చూసిన పద్ధతులివి. మొదట వాల్వు తెరిచి ఉందో లేదో చూడాలి. తర్వాత ఆ లైనులోని కుళాయిలన్నీ, ముఖ్యంగా అన్నిటికన్నా కిందిదాన్ని, తెరిచి కాసేపు వదలాలి. అప్పటికీ రాకపోతే మిగతావి మూసి, మోటారు నీరు నేరుగా వచ్చే కుళాయికి రబ్బరు ట్యూబు తగిలించి, ఎండిన కుళాయిలోకి శుభ్రమైన నీటిని వెనక్కి ఎక్కించాలి. గాలి బుడగలుగా ట్యాంకులోకి వెళ్లిపోతుంది. పైపును రాళ్లతో మాత్రం కొట్టకూడదు, అతుకులు ఊడతాయి.

శాశ్వత పరిష్కారం కూడా ఉంది. ట్యాంకు నుంచి బయటికొచ్చే పైపుకు, వాల్వు దాటాక, నిటారుగా ఒక గాలి గొట్టం బిగించాలి. దాని మూతి ట్యాంకు అంచుకన్నా ఎత్తులో తెరిచి ఉండాలి. కావలసింది ఒక ‘టీ’, ఒక పైపు ముక్క. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వార్డెన్ గారిని అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.