శిష్యత్వం, ఐక్యత: ఉత్తరాంధ్ర క్రైస్తవ సంఘాల అనుభవం

రామతీర్థం కొండలపై బౌద్ధ, జైన అవశేషాలున్నాయి. అక్కడే ప్రసిద్ధమైన రామాలయమూ ఉంది. వేర్వేరు మతాలు ఒకే స్థలంలో నిలిచిన తీరుకు ఇది ఉదాహరణ. మరి ఒకే మతాన్ని అనుసరించేవారు వేర్వేరు సంఘాలుగా ఎందుకు విడిపోతారు? తిరిగి ఎలా కలుస్తారు? రామతీర్థం ఉన్న విజయనగరం, దాని పొరుగున ఉన్న శ్రీకాకుళం ప్రాంతాల క్రైస్తవ చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

ప్రవచనం నుంచి సంఘం వరకు

ప్రవచనం అంటే జరగబోయేది ముందుగా చెప్పడమేనని సాధారణంగా అనుకుంటాం. క్రొత్త నిబంధనలో 'నెరవేర్పు'కు అంతకన్నా విస్తృతమైన అర్థం ఉంది. దేవుని ఆత్మ అందరిమీదికి వస్తుందన్న యోవేలు ప్రవచనం పెంతెకొస్తు దినాన నెరవేరిందని పేతురు ప్రకటించాడు (అపొస్తలుల కార్యములు, 2వ అధ్యాయం). ఆ అధ్యాయం అంతటితో ముగియదు. విన్నవారు బాప్తిస్మం పొందారు, కలిసి భోజనం చేశారు, ఆస్తులు పంచుకున్నారు. అంటే నెరవేర్పు శిష్యత్వంలోనూ, శిష్యత్వం కలిసి జీవించడంలోనూ కనిపించింది. యోహాను సువార్త 17వ అధ్యాయంలో శిష్యుల ఐక్యత కోసం యేసు చేసిన ప్రార్థన సారం కూడా ఇదే.

మిషన్లు గీసిన సరిహద్దులు

లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలో పని ప్రారంభించింది. కెనడా బాప్టిస్టులు 1870ల నుంచి కాకినాడ, భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాలకు విస్తరించారు. సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీ లూథరన్లు పనిచేశారు. పోటీ లేకుండా మిషన్లు ప్రాంతాలను పంచుకున్నాయి. దీనివల్ల ఒక గ్రామస్థుడు బాప్టిస్టు కావడమో, లూథరన్ కావడమో చాలావరకు అతని ఊరిని బట్టి నిర్ణయమైంది. ఐరోపాలో పుట్టిన భేదాలు ఇక్కడి వారికి వారసత్వంగా వచ్చాయి.

ఐక్యతా ప్రయత్నం

ఈ స్థితిని భారతీయ నాయకులే ప్రశ్నించారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య వారిలో ముఖ్యుడు. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం ఐక్యతా చర్చలకు నాంది పలికింది. అజరయ్య 1945లో మరణించాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి.

ఉత్తరాంధ్ర బాప్టిస్టులు ఇందులో చేరలేదు. బాప్టిస్టుల దృష్టిలో శిష్యత్వం వ్యక్తి స్వయంగా తీసుకునే నిర్ణయం. కనుక విశ్వసించిన తరువాతే బాప్తిస్మం. కొత్త సంఘం శిశు బాప్తిస్మాన్నీ అంగీకరించింది. ఐక్యత శిష్యత్వానికి ఫలమని చెప్పుకున్నాం. ఇక్కడ అదే శిష్యత్వం పట్ల నిబద్ధత విడిగా ఉండడానికి కారణమైంది. అయితే ఇది దాటరాని అడ్డంకి కాదు. 1970లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం రెండు పద్ధతులనూ గుర్తించింది. కొన్ని బాప్టిస్టు సంఘాలు అందులో చేరాయి.

కాబట్టి ఐక్యత అంటే ఏకరూపత కాదు. ఒకరి మనస్సాక్షిని మరొకరు గౌరవిస్తూ కలిసి నడవడం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ప్రాంతాల పంపకం సంఘ సభ్యత్వాన్ని ఎలా ప్రభావితం చేసింది?
2. శిష్యత్వంపై బాప్టిస్టుల అవగాహన ఐక్యతా ప్రయత్నంపై చూపిన ప్రభావాన్ని వివరించండి.