మైఎంసీ

మైఎంసీ సోనీ కంపెనీ తయారు చేసిన ప్లేస్టేషన్ 2 వీడియో గేమ్ యంత్రపు మెమరీ కార్డులలోని సేవ్ డేటాను కంప్యూటరుపై నిర్వహించడానికి ఉపయోగపడే ఒక కమాండ్ లైన్ ప్రోగ్రాము. దీనిని రాస్ రిడ్జ్ పైథాన్ భాషలో రాసి, కాపీహక్కులు ఉంచుకొనకుండా సార్వజనికంగా విడుదల చేశాడు. మెమరీ కార్డులోని సేవ్‌ల జాబితాను చూడడం, ఒక సేవ్‌ను విడి ఫైలుగా బయటకు తీయడం, బయటి సేవ్‌ను కార్డులో చేర్చడం, తొలగించడం, కార్డులోని దోషాలను పరీక్షించడం దీనితో చేయగలిగే ముఖ్యమైన పనులు. ఈ ప్రోగ్రాము నేరుగా కార్డుపై పని చేయదు. కార్డులోని సమాచారం మొత్తాన్ని నకలు చేసిన ఫైలుపై పని చేస్తుంది.

సేవ్ డేటా

వీడియో గేమ్‌లో ఆటగాడు ఎంత దూరం వచ్చాడు, ఏయే వస్తువులు సంపాదించాడు, ఏ స్థాయిలో ఉన్నాడు మొదలైన వివరాలను యంత్రం ఆపివేసిన తరువాత కూడా నిలిచి ఉండేలా భద్రపరచడాన్ని సేవ్ చేయడం అంటారు. అలా భద్రపరచిన సమాచారమే సేవ్ డేటా. గేమ్ డిస్కు పోతే మరొకటి కొనవచ్చును గానీ, పది వారాల పాటు ఆడి నిలుపుకున్న సేవ్ పోతే అది ఏ దుకాణంలోనూ దొరకదు. అందువలన సేవ్ డేటాకు నకళ్ళు ఉంచుకోవడం ముఖ్యమవుతుంది.

తొలి రోజుల్లో చాలా గేమ్‌లలో సేవ్ సదుపాయం ఉండేది కాదు. కొన్ని గేమ్‌లు ఒక పాస్‌వర్డును తెరపై చూపేవి; ఆటగాడు దానిని కాగితంపై రాసుకుని మరునాడు తిరిగి ఇవ్వవలసి వచ్చేది. 1987లో అమెరికాలో విడుదలైన ద లెజెండ్ ఆఫ్ జెల్డా కార్ట్రిడ్జిలో చిన్న బ్యాటరీని అమర్చి, దాని సహాయంతో సేవ్‌ను నిలిపి ఉంచారు. ఇటువంటి కార్ట్రిడ్జిలలో బ్యాటరీ అయిపోతే సేవ్ కూడా పోతుంది. 1994లో జపానులో వచ్చిన మొదటి ప్లేస్టేషన్‌కు 128 కిలోబైట్ల విడి మెమరీ కార్డు ఉండేది. అందులో సేవ్‌ల కొరకు 15 గడులు ఉండేవి.

2000 మార్చి 4న జపానులో విడుదలైన ప్లేస్టేషన్ 2 ప్రపంచవ్యాప్తంగా 15.5 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దీని మెమరీ కార్డు సామర్థ్యం 8 మెగాబైట్లు. ఇందులో ఫ్లాష్ మెమరీ వాడినందున బ్యాటరీ అవసరం లేదు. ఈ యంత్రం కొరకు భారతదేశంలో తయారైన గేమ్‌లు కూడా ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ రూపొందించిన హనుమాన్: బాయ్ వారియర్ 2009లో విడుదలైంది. ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి 2013 నాటికి నిలిచిపోయింది. ఆనాటి కార్డులు ఇప్పుడు పాతబడుతున్నాయి.

మెమరీ కార్డు నిర్మాణం

మైఎంసీ ఎందుకు అవసరమో తెలియాలంటే కార్డు లోపలి అమరిక తెలియాలి. ప్లేస్టేషన్ 2 మెమరీ కార్డు కేవలం సేవ్‌లను వరుసగా పేర్చిన పెట్టె కాదు. కంప్యూటరు హార్డు డిస్కు వలె అందులో ఒక పూర్తి ఫైల్ సిస్టమ్ ఉన్నది.

కార్డులో 16,384 పేజీలు ఉంటాయి. ఒక్కొక్క పేజీలో 512 బైట్ల సమాచారం, దానితో పాటు 16 బైట్ల అదనపు స్థలం ఉంటుంది. ఈ అదనపు స్థలంలో దోష సవరణ సంకేతం రాయబడుతుంది. ప్రతి 128 బైట్ల సమాచారానికి 3 బైట్ల సంకేతం చొప్పున పేజీకి 12 బైట్లు ఇందుకు ఖర్చవుతాయి. ఆ 128 బైట్లలో ఒక బిట్టు చెడిపోతే ఈ సంకేతం సహాయంతో దానిని గుర్తించి సరిచేయవచ్చును.

రెండు పేజీలు కలిసి 1,024 బైట్ల ఒక క్లస్టరు అవుతుంది. ఒక ఫైలు పక్కపక్కన ఉన్న క్లస్టర్లలోనే ఉండాలన్న నియమం లేదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ముక్కలుగా రాయబడుతుంది. ఒక ముక్క తరువాత వచ్చే ముక్క ఏ క్లస్టరులో ఉన్నదో తెలిపే పట్టిక వేరుగా ఉంటుంది. గొలుసులోని లంకెల వలె ఒకదాని తరువాత ఒకటి పట్టుకుని పోతేనే ఫైలు మొత్తం దొరుకుతుంది. పట్టిక చెడిపోతే ముక్కలు కార్డులోనే ఉన్నా వాటి వరుస తెలియదు.

ఫ్లాష్ మెమరీలో ఉన్న సమాచారంపై మరల రాయాలంటే ముందు చెరపాలి. ఈ కార్డులో ఒకేసారి 16 పేజీలను చెరపవలసి ఉంటుంది. చెరిపిన తరువాత, రాయక ముందు కార్డును బయటకు లాగితే ఆ 16 పేజీలలో ఉన్న ఇతర సమాచారం కూడా పోతుంది. సేవ్ అవుతున్నపుడు కార్డును తీయవద్దని గేమ్‌లు హెచ్చరించడానికి కారణం ఇదే. ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి కార్డులో రెండు రక్షణ భాగాలు కేటాయించబడ్డాయి. రాయబోయే సమాచారాన్ని ముందుగా ఒక దానిలో, అది చేరవలసిన చోటును రెండవ దానిలో నమోదు చేస్తారు. పని మధ్యలో ఆగిపోతే, కార్డును మరల పెట్టినపుడు యంత్రం ఈ నమోదును చూసి పని పూర్తి చేయగలదు.

సేవ్ అంటే ఒక డైరెక్టరీ

ఆటగాడికి ఒకే సేవ్‌గా కనిపించేది నిజానికి ఒక డైరెక్టరీ. గేమ్ సమాచారం ఉన్న ఫైలు, ఐకాన్.సిస్ అనే 964 బైట్ల ఫైలు, యంత్రపు తెరపై తిరిగే త్రిమితీయ బొమ్మల ఫైళ్ళు సాధారణంగా ఇందులో ఉంటాయి. తెరపై కనిపించే సేవ్ పేరు, బొమ్మ వెనుక రంగులు, వెలుతురు వివరాలు ఐకాన్.సిస్ ఫైలులో ఉంటాయి.

డైరెక్టరీ పేరు గేమ్ డిస్కు సంఖ్యను బట్టి ఉంటుంది. ఉదాహరణకు, ఫైనల్ ఫాంటసీ 10 అమెరికా ప్రతి సంఖ్య ఎస్ఎల్‌యూఎస్-20312. దాని సేవ్ డైరెక్టరీ పేరు బీఏ అనే రెండు అక్షరాలతో మొదలై, తరువాత ఈ సంఖ్య వస్తుంది. ఐరోపా గేమ్‌లకు బీఈ, జపాను గేమ్‌లకు బీఐ అని మొదలవుతుంది. గేమ్ తన సేవ్‌ను ఈ పేరుతోనే వెతుకుతుంది కనుక అమెరికా ప్రతిలో చేసిన సేవ్‌ను అదే గేమ్ ఐరోపా ప్రతి సాధారణంగా గుర్తించదు.

ఇమేజి ఫైలు

కార్డులోని పేజీలన్నింటినీ ఉన్నవి ఉన్నట్లుగా ఒకే ఫైలులోకి నకలు చేస్తే దానిని ఇమేజి ఫైలు అంటారు. దోష సవరణ సంకేతాలతో సహా దీని పరిమాణం 86,50,752 బైట్లు. ప్లేస్టేషన్ 2 యంత్రాన్ని కంప్యూటరుపై అనుకరించే పీసీఎస్ఎక్స్2 అనే ఎమ్యులేటరు ఇటువంటి ఫైలునే మెమరీ కార్డుగా వాడుకుంటుంది. ఈ ఫైళ్ళ పేర్లు .పీఎస్2 అనే పొడిగింపుతో ముగుస్తాయి.

అసలు కార్డును సాధారణ పరికరాలతో కంప్యూటరుకు కలిపి చదవడం కుదరదు. మ్యాజిక్‌గేట్ అనే రక్షణ పద్ధతి ప్రకారం కార్డు, యంత్రం ముందుగా ఒకదానినొకటి ధ్రువీకరించుకోవాలి. అందువలన చాలామంది ప్లేస్టేషన్ 2 పైనే యూలాంచ్‌ఎల్ఫ్ వంటి ప్రోగ్రామును నడిపి, కావలసిన సేవ్‌ను యూఎస్‌బీ డ్రైవులోకి నకలు చేసి కంప్యూటరుకు తెచ్చుకుంటారు.

ఆదేశాలు

కమాండ్ లైనులో ముందుగా ప్రోగ్రాము పేరు, దాని తరువాత ఇమేజి ఫైలు పేరు, ఆ తరువాత ఆదేశం, చివర ఆదేశానికి కావలసిన వివరాలు ఇవ్వాలి. ముఖ్యమైన ఆదేశాలు ఇవి:

* డిర్ - కార్డులోని సేవ్‌లను వాటి పేర్లు, పరిమాణాలతో చూపుతుంది.
* ఎల్ఎస్ - డైరెక్టరీ లోపలి ఫైళ్ళను విడివిడిగా చూపుతుంది.
* డీఎఫ్ - కార్డులో మిగిలిన ఖాళీ స్థలాన్ని తెలుపుతుంది.
* చెక్ - ఫైల్ సిస్టమ్‌లో దోషాలు ఉన్నాయేమో పరీక్షిస్తుంది.
* ఎక్స్‌పోర్ట్ - ఒక సేవ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా బయటకు తీస్తుంది.
* ఇంపోర్ట్ - బయటి సేవ్ ఫైలును కార్డులో చేరుస్తుంది.
* ఎక్స్‌ట్రాక్ట్, యాడ్ - డైరెక్టరీలోని విడి ఫైళ్ళను తీయడానికి, చేర్చడానికి.
* డిలీట్ - ఒక సేవ్ డైరెక్టరీని లోపలి ఫైళ్ళతో సహా తొలగిస్తుంది.
* ఫార్మాట్ - కొత్త ఖాళీ కార్డు ఇమేజిని తయారు చేస్తుంది.
* సెట్, క్లియర్ - ఫైలు లేదా డైరెక్టరీ గుర్తులను మార్చుతాయి. ఉదాహరణకు, కాపీ చేయకూడదన్న గుర్తును పెట్టడం లేదా తీసివేయడం.

వీటిలో డిర్, ఎల్ఎస్, డీఎఫ్, చెక్ కార్డును చదువుతాయి తప్ప మార్చవు. ఎక్స్‌పోర్ట్, ఎక్స్‌ట్రాక్ట్ కూడా కార్డులో దేనినీ మార్చవు. మిగిలినవి ఇమేజి ఫైలులో మార్పులు చేస్తాయి. వాడుకరి ముందుగా గుర్తుంచుకోవలసిన తేడా ఇదే.

వాడే విధానం

ఒక కార్డు నిండిపోయినది, అందులోని ఒక సేవ్‌ను వేరే కార్డుకు మార్చవలెను అనుకుందాం. పని క్రమం ఈ విధంగా ఉంటుంది.

# ఎమ్యులేటరు నడుస్తుంటే దానిని మూసివేయాలి. రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలును ఒకేసారి మార్చితే ఇమేజి పాడు కావచ్చును.
# ఇమేజి ఫైలును వేరొక పేరుతో నకలు చేసి పక్కన పెట్టాలి.
# చెక్ ఆదేశంతో కార్డు బాగున్నదో లేదో చూడాలి.
# డిర్ ఆదేశంతో జాబితా తెచ్చుకుని, కావలసిన డైరెక్టరీ పేరును గుర్తించాలి.
# ఎక్స్‌పోర్ట్ ఆదేశానికి ఆ పేరు ఇచ్చి సేవ్‌ను బయటకు తీయాలి.
# ఫార్మాట్ ఆదేశంతో కొత్త కార్డును తయారు చేసి, ఇంపోర్ట్ ఆదేశంతో సేవ్‌ను అందులో చేర్చాలి.
# కొత్త కార్డుతో గేమ్‌ను నడిపి, సేవ్ తెరచుకున్నదని రూఢి చేసుకోవాలి.
# ఆ తరువాత మాత్రమే పాత కార్డులో డిలీట్ ఆదేశం వాడాలి.

చివరి రెండు మెట్ల వరుస మారకూడదు. డైరెక్టరీ పేరు జాబితాలో కనిపించినంత మాత్రాన సేవ్ పనిచేస్తుందని చెప్పలేము. గేమ్ దానిని తెరచినపుడే నకలు సరిగా వచ్చినట్లు.

కార్డులో అదే పేరుతో సేవ్ ముందే ఉంటే ఇంపోర్ట్ దానిని దోషంగా చూపి ఆగుతుంది.

సేవ్ ఫైళ్ళ రకాలు

ప్లేస్టేషన్ 2 కాలంలో వివిధ కంపెనీలు సేవ్‌లను యంత్రం నుండి కంప్యూటరుకు మార్చే పరికరాలను అమ్మాయి. ఒక్కొక్క కంపెనీ తన సొంత ఫైలు రకాన్ని వాడింది. మైఎంసీ వీటిలో చాలావాటిని చదవగలదు.

* .పీఎస్‌యూ - ఈఎంఎస్ పరికరపు రకం. ఇందులో సమాచారం కుదించబడదు. మైఎంసీ మామూలుగా ఈ రకంలోనే ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. యూలాంచ్‌ఎల్ఫ్ కూడా దీనిని వాడుతుంది.
* .మ్యాక్స్ - యాక్షన్ రీప్లే మ్యాక్స్ రకం. ఇందులో సమాచారం కుదించబడి ఉంటుంది. ప్రత్యేకంగా కోరితే మైఎంసీ ఈ రకంలో కూడా ఎక్స్‌పోర్ట్ చేస్తుంది.
* .సీబీఎస్ - కోడ్‌బ్రేకర్ రకం. ఇంపోర్ట్ చేయడం మాత్రమే వీలవుతుంది.
* .ఎస్‌పీఎస్, .ఎక్స్‌పీఎస్ - షార్క్‌పోర్ట్, ఎక్స్-పోర్ట్ రకాలు. ఇవి కూడా ఇంపోర్ట్ కొరకు మాత్రమే.

దీర్ఘకాలం భద్రపరచదలచిన సేవ్‌కు .పీఎస్‌యూ అనుకూలమైనది. దాని నిర్మాణం సరళంగా ఉన్నందున ఈ ప్రోగ్రాము లేకున్నా మరొక ప్రోగ్రాముతో చదవడం సులభం.

జాగ్రత్తలు, పరిమితులు

కమాండ్ లైన్ ప్రోగ్రాములలో తొలగించిన దానిని తిరిగి తెచ్చే చెత్తబుట్ట ఉండదు. ఒక అక్షరం తప్పుగా కొట్టినా వేరే సేవ్ తొలగిపోవచ్చును. అందువలన మార్పు చేసే ప్రతి పనికీ ముందు ఇమేజి ఫైలు నకలు ఉండాలి. ఎనిమిది మెగాబైట్ల ఫైలుకు నేటి కంప్యూటర్లలో పట్టే స్థలం లెక్కలోనికి రానిది.

ఇమేజి ఫైలును హెక్స్ ఎడిటరుతో నేరుగా మార్చితే దోష సవరణ సంకేతం సరిపోక కార్డు చెడినట్లు కనిపిస్తుంది. మైఎంసీ ద్వారా మార్చితే ఆ సంకేతాన్ని అది తిరిగి లెక్కగట్టి రాస్తుంది. సంకేతం చెడిన ఇమేజిలను చదవడానికి ఆ పరీక్షను పక్కన పెట్టే వీలు కూడా ఉన్నది. అయితే చాలా గేమ్‌లు తమ సేవ్ లోపల సొంత సరిచూపు సంఖ్యను ఉంచుకుంటాయి. దానికీ మైఎంసీకీ సంబంధం లేదు. సేవ్ లోపలి విలువలను మార్చితే గేమ్ దానిని నిరాకరించవచ్చును.

ఎమ్యులేటరులోని సేవ్ స్టేట్, మెమరీ కార్డు సేవ్ ఒకటి కాదు. సేవ్ స్టేట్ అనగా ఆ క్షణాన యంత్రపు మెమరీ మొత్తానికి తీసిన నకలు. ఎమ్యులేటరు వెర్షను మారితే అది తెరచుకోకపోవచ్చును, అసలు యంత్రంలో పనికిరాదు. కార్డు సేవ్ గేమ్ స్వయంగా రాసినది కనుక అసలు యంత్రానికీ ఎమ్యులేటరుకూ మధ్య అటూ ఇటూ మార్చవచ్చును. భద్రపరచడానికి కార్డు సేవే తగినది.

తరువాతి పరిణామాలు

మైఎంసీ పైథాన్ 2లో రాయబడినది. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. మైఎంసీ ఆధారంగా పైథాన్ 3లో మైఎంసీ ప్లస్ అనే ప్రోగ్రాము వెలువడింది. ఇది విండోస్‌తో పాటు లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో కూడా పనిచేస్తుంది. మొదటి ప్రోగ్రాము సార్వజనికం కావడం వలననే ఎవరి అనుమతీ అడగకుండా ఈ కొనసాగింపు సాధ్యమైనది.

పీసీఎస్ఎక్స్2లో ఇప్పుడు కార్డును ఇమేజి ఫైలుగా కాక మామూలు ఫోల్డరుగా ఉంచుకునే సదుపాయం కూడా ఉన్నది. ఇందులో సేవ్ డైరెక్టరీలు కంప్యూటరులో నేరుగా కనిపిస్తాయి. కంప్యూటరు గేమ్‌ల సేవ్‌ల కొరకు లుడుసావి అనే ప్రోగ్రాము కమాండ్ లైనులో ఇదే తరహా పని చేస్తుంది. ఏ గేమ్ తన సేవ్‌ను ఎక్కడ ఉంచుతుందో పీసీగేమింగ్‌వికీ సమాచారం నుండి తెలుసుకుని నకళ్ళు తీస్తుంది. 2008లో మొదలైన స్టీమ్ క్లౌడ్ వంటి సేవలు సేవ్‌లను దూరపు సర్వర్లలో ఉంచుతున్నాయి. ఆ సదుపాయం లేని ప్లేస్టేషన్ 2 తరం సేవ్‌లకు మాత్రం ఆటగాడు స్వయంగా తీసి ఉంచుకున్న నకలే ఆధారం.

ఇవి కూడా చూడండి

* ప్లేస్టేషన్ 2
* ఎమ్యులేటరు
* ఫైల్ సిస్టమ్
* ఫ్లాష్ మెమరీ
* పైథాన్ (ప్రోగ్రామింగు భాష)